అక్కకి, నాక్సోస్ ప్రయాణం గురించి

ఏథెన్స్,
జనవరి 18

అక్కా,

బావగారు పంపిన ప్లాన్ చూశాను. ఆగస్టులో గ్రీస్‌లోని సాంతోరిని దీవి, ఆరు రోజులూ బీచ్, ఆఖరి రోజు పొద్దున్నే ఓడెక్కి సాయంత్రం విమానం అందుకోవడం. ఇందులో మూడు మార్చాలి: నెల, దీవి, ఆఖరి రోజు.

ముందు దీవి సంగతి. ఫోటోల్లో కనిపించే ఆ తెల్ల ఇళ్లూ నీలం గుమ్మటాలూ పేలిన అగ్నిపర్వతం అంచు మీద ఉన్నాయి. అక్కణ్ణుంచి సముద్రం ఎక్కడో రెండు మూడొందల మీటర్ల కింద. చూడ్డానికి బాగుంటుంది గానీ పిల్లల్ని నీళ్లలోకి దించే చోటు కాదు. సాంతోరినిలో బీచ్‌లు దీవికి అవతలి వైపు, కమారి, పెరిస్సా దగ్గర. ఇసుక నల్లది, మధ్యాహ్నానికి పెనంలా కాలుతుంది. నీళ్లు కూడా త్వరగా లోతైపోతాయి. ఐదేళ్ల చిన్నదాన్ని పెట్టుకుని అక్కడికెందుకు? నాక్సోస్‌కి రండి. సాంతోరిని చూడాల్సిందే అంటే అక్కణ్ణుంచి ఓడలో రెండు గంటలే, ఒక రాత్రి వెళ్లి రావచ్చు.

ఈ రెండూ ఉన్న సైక్లడీస్ దీవుల గుంపులో నాక్సోసే పెద్దది. నైరుతి ఒడ్డు పొడుగునా ఇసుకే. రేవున్న ఊరిని ఆనుకుని ఆయియోస్ యోర్గియోస్ బీచ్, ఐదు కిలోమీటర్లు దాటాక ఆయియోస్ ప్రోకోపియోస్, దాని పక్కనే ఆయియా అన్నా, ఆపైన నాలుగు కిలోమీటర్ల ప్లాకా. బోర్డుల మీద ఇంగ్లీషులో ‘అగియోస్’ అని ఉంటుంది, పలికేది మాత్రం ఆయియోస్. యోర్గియోస్ దగ్గర చాలా దూరం మోకాటి లోతే, చిన్నదానికి అదే మంచిది. గది మాత్రం ఆయియా అన్నాలో, వంటగది ఉన్నది చూడు. సీజన్‌లో అక్కణ్ణుంచి ఊళ్లోకి బస్సులు బాగానే తిరుగుతాయి. అద్దె కాక రాత్రికి గదికింత అని ప్రభుత్వానికి కట్టే రుసుము ఒకటుంది. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా 3 స్టార్ హోటల్‌కి 5 యూరోలు, 4 స్టార్‌కి 10, ఎయిర్‌బీఎన్‌బీ లాంటి మామూలు ఫ్లాట్‌కి 8. బుకింగ్‌లో చాలాసార్లు కలపరు, దిగాక అడుగుతారు. మోసం అనుకుని బావగారు గొడవ పెట్టుకోకుండా చూడు.

ఇక నెల. ఇక్కడ దేన్నైనా నిర్ణయించేది గాలి. జూలై, ఆగస్టుల్లో ఉత్తరం నుంచి మెల్తెమి అనే గాలి రోజుల తరబడి ఆగకుండా కొడుతుంది. ఆకాశంలో మబ్బుతునక ఉండదు, ఎండ కాస్తూనే ఉంటుంది, అయినా ఓడలు ఆగిపోతాయి. మనకి తుపాను హెచ్చరికంటే వానా మబ్బూ గుర్తొస్తాయి కాబట్టి ఇది నమ్మబుద్ధి కాదు. గాలి జోరుని బోఫోర్ అనే కొలత అంకెల్లో చెబుతారు. 5 దాకా పర్వాలేదు. 6 దాటితే చిన్న ఫాస్ట్ ఓడలు ఎత్తి కుదేస్తాయి, కొన్ని రద్దవుతాయి. 8 వచ్చిందంటే పెద్ద ఓడల్ని కూడా రేవు అధికారులు ఆపేస్తారు. దాన్ని ‘అపగొరెఫ్తికో’ అంటారు. ఆ మాట వినిపిస్తే గదికి ఫోన్ చేసి ఇంకో రాత్రి ఉంటామని చెప్పడమే. టికెట్ డబ్బు వాపసు ఇస్తారు లేదా తర్వాతి ఓడలో చోటిస్తారు. పోయిన విమానం టికెట్‌కి మాత్రం వాళ్లకి సంబంధం లేదు. అందుకే ఆఖరి రాత్రి దీవిలో వద్దు, ఏథెన్స్‌లో మా ఇంట్లో.

ఆగస్టు 15 వీళ్లకి మరియమాత పండగ, దేశమంతా దీవుల మీదే ఉంటుంది. అటూ ఇటూ వారం రోజులు గదులకీ ఓడలకీ రేట్లు మండిపోతాయి. పిల్లల బడి జూన్ 12న తెరుస్తారు కదా, మే 28న బయల్దేరి జూన్ 7కి తిరిగి వెళ్లండి. మెల్తెమి అప్పటికి సరిగ్గా మొదలు కాదు. నీళ్లు మాత్రం 20, 21 డిగ్రీలే ఉంటాయి. కాకినాడ సముద్రంలా గోరువెచ్చగా ఉంటుందనుకుని దిగితే ఒళ్లు ఝల్లుమంటుంది. పదకొండు దాటాక దిగండి. పిల్లలకి ఒంటికి పట్టి ఉండే పొడుగు చేతుల ఈత బట్టలు కొను. నీళ్లు పీల్చే కాటన్ డ్రెస్సులైతే గాలికి వణుకు పుడుతుంది. చల్లగాలికి ఎండ చురుకు తెలియదు, సాయంత్రానికి భుజాలు కందిపోతాయి. గాలి ఊదే బొమ్మలు, పడవలు తేవద్దు. గాలి ఒడ్డు నుంచి సముద్రం వైపు తిరిగిందంటే పెద్దవాళ్లు ఈదినా అందుకోలేరు. రాళ్లున్న చోట నల్లటి ముళ్ల బంతుల్లాంటి జీవులు అతుక్కుని ఉంటాయి, తొక్కితే ముల్లు లోపలే విరిగిపోతుంది. రబ్బరు బూట్లు తలా ఒక జత.

బీచ్‌లో గొడుగులూ పడకలూ అద్దెకిస్తారు, ముందు వరుసకి రేటెక్కువ. కూర్చోక ముందే ధర అడుగు. ఇసుక ఎవరి సొంతమూ కాదు. 2024 చట్టం ప్రకారం సగం బీచ్ ఖాళీగా ఉంచాలి, నీటి అంచు నుంచి నాలుగు మీటర్ల దాకా పడకలు వేయకూడదు. దుప్పటి పరుచుకుంటే ఎవరూ లేపరు.

ఓడ ఏథెన్స్ పక్కనున్న పిరేయస్ రేవు నుంచి. పెద్దది ఐదు గంటల పైన, ఫాస్ట్‌ది మూడున్నర నాలుగు. పెద్దదే ఎక్కండి. చార్జీ తక్కువ, ఊగుడు తక్కువ, డెక్ మీదకి వెళ్లి గాలి పీల్చుకోవచ్చు. మీ అత్తయ్యగారికి కడుపులో తిప్పితే మూసేసిన ఫాస్ట్ ఓడలో నరకమే. పెద్ద ఓడ పొద్దున ఏడున్నర ప్రాంతంలో కదులుతుంది, కాబట్టి దిగిన రోజే అందుకోవాలని చూడకండి. ఎయిర్‌పోర్టు నుంచి మెట్రో నేరుగా పిరేయస్‌కి వస్తుంది, దాదాపు గంట. ఎక్స్96 బస్సు రాత్రంతా ఉంటుంది. రేవు చాలా పెద్దది, టికెట్ మీద గేటు నంబర్ ఉంటుంది, అరగంట ముందుగా చేరండి. చిన్నదానికి కూడా టికెట్ తీయాలి.

దిగడంలోనే చాలామంది పొరపాటు చేస్తారు. ఓడ సాధారణంగా ముందు పారోస్‌లో ఆగుతుంది, తర్వాత నాక్సోస్. రేవులో ఆగేది కొద్ది నిమిషాలే. సామాను అరల మీద దీవుల పేర్లుంటాయి, నాక్సోస్ అని ఉన్నచోటే పెట్టండి. ప్రకటన వినగానే కార్లుండే కింది అంతస్తుకి దిగి నిలబడండి. వెనక తలుపు తెరుచుకున్నాక మెట్ల మీద ఉంటే ఓడ మిమ్మల్ని సాంతోరినికి తీసుకుపోతుంది, బావగారి కోరిక తీరుతుంది.

బావగారికి క్వాడ్ బైక్ కావాలట. దాన్ని వీళ్లు ‘గురూనా’ అంటారు, అంటే ఆడపంది. మన లైసెన్సు ఒక్కటే చాలదు, ఆర్టీఓ ఆఫీసులో ఇంటర్నేషనల్ పర్మిట్ తీసుకోవాలి. అది లేకుండా బండి ఇచ్చేవాళ్లూ ఉంటారు, కానీ ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వర్తించదు.

అత్తయ్యగారి భోజనానికి భయం లేదు. ‘ఫావా’ అడగండి, పచ్చి ఉల్లిపాయా ఆలివ్ నూనే వేసిన మన ముద్దపప్పే. ‘యీగాండెస్’ టమాటాలో ఉడికిన పెద్ద చిక్కుడు గింజలు, ‘హోర్తా’ ఉడికించిన ఆకుకూర. ‘యెమిస్తా’ అంటే టమాటాల్లో అన్నం కూరింది, కొన్నిచోట్ల కైమా కలుపుతారు, ‘హోరిస్ క్రేయాస్’ అని అడగాలి, మాంసం లేకుండా అని. ‘నిస్తీసిమో’ అంటే ఉపవాసపు వంట, పాలూ గుడ్లూ ఉండవు గానీ రొయ్యలూ స్క్విడ్డూ ఉండొచ్చు. ఆవకాయ తెచ్చుకో. నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చళ్లు, కరివేపాకు, మామిడిపళ్లు తేవద్దు, యూరప్‌లోకి రానివ్వరు. మే నెల కదా అని బంగినపల్లి సర్దావంటే ఎయిర్‌పోర్టు చెత్తబుట్ట పాలే.

ఇంకొకటి, బాత్‌రూమ్‌లో కాగితం కమోడ్‌లో వేయకూడదు, పక్కన బుట్ట ఉంటుంది. ఇక్కడి పైపులు సన్నం. కుళాయి నీళ్లు దీవిలో తాగడానికి కాదు, బాటిళ్లు కొనుక్కోండి.

వీసాకి ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే పెట్టుకోవచ్చు, అంటే ఇప్పుడే. మార్చి దాటితే అపాయింట్‌మెంట్లు దొరకడం కష్టం. పెద్దవాళ్లకి తలా 90 యూరోలు, తొమ్మిదేళ్ల వాడికి 45, చిన్నదానికి ఉచితం. మొత్తం 315, పైన వీసా సెంటర్ చార్జీలు. మెడికల్ ఇన్సూరెన్స్ 30,000 యూరోలకి తగ్గకుండా అందరికీ. పిల్లల పాస్‌పోర్టులు ఐదేళ్లకే అయిపోతాయి, అవి ముందు చూడు. తిరిగి వెళ్లే తేదీ తర్వాత కనీసం మూడు నెలలు గడువుండాలి. విమానం టికెట్లూ గదీ రద్దు చేసుకోగలిగేవే తీసుకో. ఓడ టికెట్లు ఇప్పుడు వెతికితే కనిపించకపోవచ్చు, కంగారు పడకు. వేసవి షెడ్యూళ్లు మెల్లగా విడుదల చేస్తారు, నేను ఇక్కణ్ణుంచి చూసి తీస్తాను.

తేదీలు ఖాయం కాగానే అయిదుగురి పేర్లూ పాస్‌పోర్టులో ఉన్న స్పెల్లింగ్‌తో రాసి పంపు. బావగారికి, అత్తయ్యగారికి నమస్కారాలు.

నీ తమ్ముడు