అవుట్‌డోర్ యూనిట్‌కు చోటు లేని అపార్ట్‌మెంట్లు

సంపాదకులకు నమస్కారం.

విజయనగరంలో రింగ్ రోడ్డు వైపు ఈమధ్య లేచిన అపార్ట్‌మెంట్లలో ఏదో ఒకదాని డాబా ఎక్కి చూడండి. ఏసీల అవుట్‌డోర్ యూనిట్లు ఒకదాని వీపు ఒకటి రాసుకుంటూ వరసగా ఉంటాయి. వాటి నుంచి నల్ల స్పాంజి తొడిగిన రాగి పైపులు పిట్టగోడ దాటి మూడంతస్తులు, నాలుగంతస్తులు కిందికి దిగుతాయి. ఎండకు ఆ స్పాంజి పగిలి రాగి బయటపడి ఉంటుంది. ఐటీఐలో రిఫ్రిజిరేషన్ ట్రేడ్ చెప్పి రిటైరైనవాణ్ణి. ఆ పైపులు చూస్తే నాకు మనసు ఊరుకోదు. అందుకే ఈ ఉత్తరం.

మా పక్క ఫ్లాటులో ఒక పెద్దావిడ ఒక్కరే ఉంటారు. పింఛను మీద బతుకు. కొడుకు దూరాన ఉండి, తల్లి ఉక్కకు తట్టుకోలేదని ఒకటిన్నర టన్నుల ఇన్వర్టర్ ఏసీ కొనిచ్చాడు. మాది రెండో అంతస్తు, అవుట్‌డోర్ యూనిట్ ఐదంతస్తుల పైన డాబా మీద. బిగించిన మొదటి ఏడాదే గది సరిగా చల్లబడలేదు. మరుసటి ఏప్రిల్‌లో కుర్రాడొకడు వచ్చి, గేజీ తగిలించి చూసి, "గ్యాస్ అయిపోనాదండి, నింపేస్తాను" అన్నాడు. రెండున్నర వేలు తీసుకున్నాడు. ఆపై ఏప్రిల్‌లోనూ అదే మాట, అదే డబ్బు. మూడోసారి ఆవిడ నన్ను పిలిచి, "మాస్టారూ, ఈ గ్యాస్ ఏడాదికోసారి అయిపోతుందా అండీ?" అని అడిగారు.

అయిపోదు. వంటగ్యాస్‌లా మండి ఖర్చయ్యేది కాదది. మూసి ఉన్న పైపుల్లో తిరుగుతూనే ఉంటుంది, పదేళ్ళైనా అంతే ఉండాలి. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టు. లేదంటే మొదటి రోజే చాలినంత వెయ్యలేదన్నమాట. ఆవిడ ఇంట్లో ఈ రెండూ జరిగాయి.

పైపు కొలిచాను. గదిలోంచి డాబా మూలదాకా 19 మీటర్లు. ఏసీతో వచ్చిన పుస్తకం బీరువాలో, ప్లాస్టిక్ సంచీ కూడా విప్పకుండా భద్రంగా ఉంది. ఫ్యాక్టరీలో నింపిన 850 గ్రాముల గ్యాస్ ఏడున్నర మీటర్ల పైపుకే సరిపోతుందని, ఆపైన ప్రతి మీటరుకూ 20 గ్రాములు కలపాలని అందులో స్పష్టంగా రాసి ఉంది. పదకొండున్నర మీటర్లు అదనం, అంటే 230 గ్రాములు. ఉండాల్సిన దాంట్లో అయిదో వంతు మొదటి రోజు నుంచే లేదు. ఆ పుస్తకం ప్రకారమే పైపు 20 మీటర్లు, ఎత్తు తేడా 10 మీటర్లు మించకూడదు. ఆవిడ ఏసీ ఆ రెండు హద్దుల అంచునే నడుస్తోంది. ఈ లెక్కలు మోడల్‌ను బట్టి మారతాయి. మీ ఇంటి లెక్క మీ పుస్తకంలోనే ఉంటుంది, దయచేసి తీసి చూసుకోండి.

ఫాల్స్ సీలింగ్ లోపల ఒక ఫ్లేర్ జాయింటు, అంటే రాగి పైపు మూతిని వెడల్పు చేసి నట్టుతో బిగించిన అతుకు, దగ్గర నూనె మరక కనిపించింది. గ్యాస్‌తోపాటు కంప్రెసర్ నూనె కొద్దిగా తిరుగుతుంది కనుక, గ్యాస్ కారిన చోట నూనె జిడ్డు ఉంటుంది. ఉన్న గ్యాస్‌ను గాలిలోకి వదలకుండా సిలిండర్‌లోకి లాగాం. జాయింటు కోసి కొత్తగా ఫ్లేర్ చేసి, నైట్రోజన్‌తో ప్రెషర్ పెట్టి కారడం లేదని నిర్ధారించుకున్నాం. వ్యాక్యూమ్ పంపుతో పైపుల్లోని గాలీ తేమా లాగేసి, పంపు ఆపి గేజీ ముల్లు కదలకుండా నిలబడిందో లేదో చూసి, అప్పుడు తూకం మీద 1,080 గ్రాములు ఎక్కించాం. ఇది జరిగింది నిరుడు. ఈ ఏప్రిల్‌లో ఆవిడ ఏసీకి గ్యాస్ నింపాల్సిన పని పడలేదు.

ఆ కుర్రాణ్ణి నేను తప్పుపట్టను. సీజన్‌లో రోజుకు ఆరేడు ఇళ్ళు తిరగమంటారు. తూకం యంత్రం, వ్యాక్యూమ్ పంపు భుజాన వేసుకుని ఐదంతస్తులు ఎక్కే తీరికెక్కడిది? చాలామంది పంపు బదులు కాస్త గ్యాస్ వదిలి, దాంతోనే పైపులోని గాలిని తోసేస్తారు. పొట్టి పైపులో ఆ పని తప్పైనా కొన్నాళ్ళు బయటపడదు. పొడవు పైపులో మిగిలే గాలీ తేమా ఎక్కువ. తేమ నూనెతో కలిసి యాసిడ్‌గా మారి కంప్రెసర్ మోటారు తీగచుట్టను (వైండింగ్‌ను) తినేస్తుంది.

నూనె సంగతి ఇంకొంచెం చెప్పాలి. అవుట్‌డోర్ పైనా ఇన్‌డోర్ కిందా ఉన్నప్పుడు, గదినుంచి వెనక్కి వెళ్ళే చల్లటి గ్యాస్ ఆవిరి, రెండు పైపుల్లో లావుదాంట్లో పైకి ఎక్కుతూ నూనెను తనతో మోసుకెళ్ళాలి. రాత్రిపూట ఇన్వర్టర్ ఏసీలో కంప్రెసర్ నెమ్మదించినప్పుడు ఆ ఆవిరికి అంత ఊపు ఉండదు. నూనె కిందే ఉండిపోతుంది, పైన కంప్రెసర్ ఎండిపోతుంది. నిలువు పైపు మొదట్లో యూ ఆకారపు వంపు, అంటే ఆయిల్ ట్రాప్, కొన్ని మోడళ్ళకు అందుకే అడుగుతారు. కొన్నింటికి అక్కర్లేదు. ఏ సంగతీ పుస్తకం చెబుతుంది. "దూరం ఎక్కువ కదా, లావు పైపు వేద్దాం" అనే మేస్త్రీలున్నారు. చెప్పిన సైజు దాటి లావు చేస్తే ఆవిరి వేగం ఇంకా పడిపోతుంది, నూనె అసలే ఎక్కదు.

మనం ఇళ్ళలో వాడే స్ప్లిట్ ఏసీల్లో చాలావాటికి ఎక్స్‌పాన్షన్ వాల్వు, అంటే గ్యాస్ ప్రెషర్ తగ్గించి చల్లబరిచే భాగం, అవుట్‌డోర్‌లోనే ఉంటుంది. కాబట్టి సన్న పైపూ లావు పైపూ రెండూ చల్లగానే ఉంటాయి, రెండింటికీ విడివిడిగా స్పాంజి స్లీవు తొడగాలి. రెండూ కలిపి ఒకే స్పాంజిలో చుట్టి టేపు వేస్తే, గదికి రావాల్సిన చల్లదనం దారిలోనే కరిగిపోతుంది. మీదుమిక్కిలి, పైపు పొడవున్న కొద్దీ కంప్రెసర్‌కు చేరే ఆవిరి ప్రెషర్ తగ్గి, మెషీన్ ఎక్కువ కష్టపడి తక్కువ చల్లబరుస్తుంది. డబ్బా మీది నక్షత్రాలు ల్యాబులో పొట్టి పైపుతో పరీక్షించి వేసినవి. ఐదు నక్షత్రాలకు ఎక్కువ డబ్బు పోసి, 19 మీటర్ల పైపు తగిలిస్తే కరెంటు బిల్లు ఆ నక్షత్రాల మాట వినదు. వంద మీటర్లు దాటిన పైపులతో నడిచేలా తయారైన వీఆర్‌ఎఫ్ వ్యవస్థలు వేరే ఉన్నాయి, పెద్ద ఆసుపత్రుల్లో, ఆఫీసుల్లో పెడతారు. ఇంటి స్ప్లిట్ ఏసీ ఆ కోవలోది కాదు.

ఇది ఒక్కో ఇంటి జేబుతో ఆగిపోయే నష్టం కూడా కాదు. ఇప్పటి ఏసీల్లో ఎక్కువగా ఉండే ఆర్-32 అనే గ్యాస్ ఒక కిలో గాలిలో కలిస్తే, నూరేళ్ళ లెక్కలో 675 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానంగా భూమిని వేడెక్కిస్తుంది. పాత ఆర్-410ఏ అయితే రెండు వేల పైచిలుకు. ఈ వాయువులను తగ్గిస్తామని మన దేశం 2021లో కిగాలీ సవరణ అనే అంతర్జాతీయ ఒప్పందాన్ని ఆమోదించింది. పైగా ఆర్-32 కొద్దిగా మండే స్వభావమున్నది. పడకగది సీలింగ్‌లో కనపడకుండా కారుతూ ఉండనివ్వాల్సింది కాదు.

నగరపాలక సంస్థ టౌన్ ప్లానింగ్ అధికారులకు నా విన్నపం ఇది. అపార్ట్‌మెంటు ప్లాను మంజూరు చేసేటప్పుడు, ప్రతి పడకగది బయటా అవుట్‌డోర్ యూనిట్ కూర్చోవడానికి గాలాడే చిన్న సజ్జా, మనిషి నిలబడి రిపేరు చేసుకునే చోటూ చూపించమని బిల్డర్‌ను అడగండి. కోట చుట్టుపక్కల పాత మేడల్లో గోడకు ఇటు ఇన్‌డోర్, అటు అవుట్‌డోర్ పెట్టుకుంటున్నారు. మూడు మీటర్ల పైపుతో పనైపోతోంది, ఏళ్ళ తరబడి గ్యాస్ మాటే లేదు. కొత్త భవనాల్లో ముందువైపు అందం చెడుతుందని అన్నిటినీ డాబా మీదికి తోసేస్తున్నారు. సజ్జా పోసే ఖర్చు కట్టేటప్పుడు ఒక్కసారే. అది లేనందుకు కొనుక్కున్నవాళ్ళు ఏటా కడుతున్నారు.

ఏసీ అమ్మే దుకాణదారులు బిల్లు మీద రెండు అంకెలు రాసిస్తే చాలు: వేసిన పైపు ఎన్ని మీటర్లు, కలిపిన గ్యాస్ ఎన్ని గ్రాములు. రేపు ఏ మెకానిక్ వచ్చినా ఎంత ఎక్కించాలో అతనికి తెలుస్తుంది. ఇప్పుడు అదనపు పైపుకు మీటరు చొప్పున డబ్బు తీసుకుంటున్నారు, అదనపు గ్యాస్ ఊసెత్తడం లేదు.

జిల్లాలో ఏసీ పని చేస్తున్న కుర్రాళ్ళకు ఒక మాట. తూకం మీద ఛార్జింగ్, వ్యాక్యూమ్, ఫ్లేరింగ్ నేర్చుకోవాలని ఉంటే ఆదివారాలు నేను ఖాళీగానే ఉంటాను. నా తూకం యంత్రం, పంపు రెండూ పనిచేస్తున్నాయి. ఫీజు ఏమీ వద్దు. మీ పత్రిక కార్యాలయంలో పేర్లు ఇస్తే నేనే వచ్చి కలుస్తాను.

— ఒక విశ్రాంత ఐటీఐ శిక్షకుడు,
విజయనగరం