హండీ లోపలి లెక్క

హనుమకొండ
శుక్రవారం పొద్దున

బిడ్డా,

మొన్న రాత్రి నువ్వు మీ అమ్మతో మాట్లాడిందంతా విన్నాను. చాటుగా వినలేదు, ఆమె ఫోన్ స్పీకర్‌లో పెట్టి బియ్యం ఏరుతోంది. ఆఫీసు స్నేహితురాలి పుట్టినరోజు దావత్ ఉందని ఆదివారం పొద్దటి నుంచి కడుపు మాడ్చుకున్నావు. రాత్రి హోటల్లో కూర్చున్నాక చేయి ఆగలేదు. సోమవారం కాంటా ఎక్కితే కిలోన్నర పెరిగినట్టు చూపించింది. సన్నబడాలని కేలరీలు లెక్కపెట్టుకుంటూ పడ్డ నాలుగు నెలల కష్టం ఒక్క రాత్రిలో పోయిందని ఏడ్చావు. సంక్రాంతికి వచ్చినా చిన్నబాపు రిటైర్మెంట్ దావత్‌కు మాత్రం రానన్నావు. మీ అమ్మ "పోనీలే బిడ్డా" అని ఊరుకుంది. నాకు ఊరుకోబుద్ధి కాలేదు. ఫోన్లో చెబితే "సరే బాపూ" అని పెట్టేస్తావు, అందుకే కాగితం తీశాను.

ముందు ఆ కిలోన్నర సంగతి. ఒంట్లో ఒక కిలో కొవ్వు చేరాలంటే ఖర్చు కాకుండా మిగిలిన కేలరీలు సుమారు 7,700 కావాలి. ఈ లెక్క దసరాకు వచ్చినప్పుడు నువ్వే నాకు చెప్పావు. మరి కిలోన్నరకు 11,500 దాటాలి. అంటే రోజూ ఒంటికి సరిపడే తిండి తిని, దాని మీద మా హోటల్ బిర్యానీ ఇంకో ఎనిమిది ఫుల్ ప్లేట్లకు పైనే తినాలి. తిన్నావా? లేదు కదా. హోటల్ కూరలో ఉప్పు ఎక్కువ, ఉప్పు నీళ్లను పట్టి ఉంచుతుంది. అన్నం, నాన్‌ల పిండి పదార్థం కొంత కండలో, కాలేయంలో నిల్వ అవుతుంది, అది కూడా తన బరువుకు మూడింతల నీళ్లను వెంటేసుకుంటుంది. పైగా తిన్నది ఇంకా కడుపులోనే ఉండె. కాంటా అబద్ధం చెప్పలేదు, నీళ్లనూ కొవ్వునూ కలిపి చూపించింది, అంతే. మూడు నాలుగు రోజులు మామూలుగా తిని మళ్లీ ఎక్కి చూడు.

ఇక నాకు తెలిసిన విద్యకు వస్తాను. ముప్పై ఏళ్లు హోటల్ వంటింట్లో, ఆ తర్వాత క్యాటరింగ్‌లో పొయ్యి ముందు నిలబడ్డవాణ్ని. కేలరీలు లెక్కపెట్టే నీ యాప్‌లో చికెన్ బిర్యానీ అని కొడితే ఒకచోట 400, ఇంకోచోట 900 వస్తోంది, ఏది నమ్మాలి బాపూ అని అడిగావు. అప్పుడు నవ్వి ఊరుకున్నాను. ఇప్పుడు చెబుతున్నాను, యాప్‌కు నా చేయి తెలియదు. సరుకుల లిస్టు రాసినవాణ్ని నేను కాబట్టి లెక్క నా దగ్గర ఉంది.

కిలో బాస్మతి బియ్యానికి కిలో చికెన్. నూనె, డాల్డా, ఆఖర్లో పైన చిలకరించే నెయ్యి అన్నీ కలిపితే పావు కిలో. పెరుగు పావు కిలో, ఉల్లిగడ్డ అర కిలో. ఇది మా హోటల్ కొలత, ఇంకో మాస్టర్‌ది ఇంకోలా ఉంటుంది. ఇప్పుడు నీ లెక్క వేద్దాం. బియ్యం 3,500. పావు కిలో నూనె నెయ్యి 2,250, ఎందుకంటే కొవ్వు గ్రాముకు 9 కేలరీలు. ఎముక తీసేస్తే మిగిలే చికెన్ ముక్క 900 దాకా. పెరుగు, ఉల్లిగడ్డ కలిపి 350 వేసుకో. మొత్తం 7,000. ఆ హండీలో నుంచి సాసరుతో తవ్వి మేం అయిదు ఫుల్ ప్లేట్లు తీసేవాళ్లం. ప్లేటు 700 గ్రాములు తూగేది, అంటే ప్లేటుకు 1,400. అదే కిలో బియ్యం మన ఇంట్లో మీ అమ్మ వండితే ఎనిమిది మంది తింటారు, నూనె సగం కూడా పడదు. యాప్ చెప్పిన 400 తప్పు కాదు బిడ్డా, అది ఎవరింట్లోదో చిన్న గిన్నెడు బిర్యానీ. నీ ముందు పెట్టింది అది కాదు.

ఒకటి గమనించావా? 7,000లో చికెన్ వాటా 900 మాత్రమే. అందరూ ముక్కలకు భయపడి పక్కన పెట్టి అన్నం తింటారు. నేనైతే తలకిందులుగా తినమంటాను. ముక్కలు నీవి, అన్నం పంచిపెట్టు.

హోటల్లో అంత నూనె ఎందుకు పోస్తారంటే కడుపుమంటతో కాదు. కూర మీద నూనె తర్రీ తేలకపోతే గిరాకీ "డ్రైగా ఉంది మాస్టర్" అని వెనక్కి పంపుతాడు. నూనె ఎక్కువైందని వెనక్కి వచ్చిన గిన్నె నా సర్వీసులో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, డ్రై అని వచ్చినవి లెక్కలేదు. ఒకసారి నాకు షుగర్ మొదలైన కొత్తలో, జనం ఆరోగ్యం అనుకొని గ్రేవీలో నూనె తగ్గించాను. రెండో రోజే ఓనర్ పిలిచి "మాస్టర్, నీకు షుగర్ వస్తే నా గల్లా పెట్టెకు పథ్యం పెడతావా?" అన్నాడు. మళ్లీ పోశాను. ఆయనదీ తప్పనలేను, బల్బు వెలుతురులో మెరిసే కూరనే అందరూ అడుగుతారు.

నువ్వు తెలివిగా చేశాననుకొని పొరపాటు చేసింది ఇంకోటి ఉంది. ఆ రోజు "నేను వెజ్జే తిన్నానమ్మా, పనీర్ బటర్ మసాలా, రెండు బటర్ నాన్‌లు, మళ్లీ కొంచెం బిర్యానీ" అన్నావు. ఆ గ్రేవీలో టమాటా ఎంతో జీడిపప్పు ముద్ద దాదాపు అంత, దాని మీద వెన్న, ఆపైన క్రీమ్. పనీర్‌లోనే కొవ్వు ఉంటుంది. బటర్ నాన్ ఒక్కోటి 300కు తక్కువ ఉండదు. వెజ్ అనే మాటకు, తేలిక అనే మాటకు సంబంధం లేదు. అదే తందూరీ చికెన్ అయితే పెరుగు, మసాలా పట్టించి బట్టీలో కాల్చేది, నూనె బ్రష్‌తో పూసినంతే. తందూరీ రోటీ బటర్ వద్దని చెబితే నాన్‌లో సగం. చెప్పాలి మాత్రం. చెప్పకపోతే మా హోటల్ పిల్లలు అలవాటులో పూసేస్తారు.

చికెన్ 65, క్రిస్పీ కార్న్ లాంటివి వస్తుంటాయి, టేబుల్ మధ్యలో పెడతారు, మాటల్లో పడి తింటారు. ఎన్ని తిన్నారో ఎవరికీ తెలియదు. నాకు బాగా తెలిసిన రోగం ఇది. నా సర్వీసులో నేను ప్లేటు పెట్టుకొని నిండా తిన్న రోజులు తక్కువ. రుచి చూడటమే. ఉప్పు సరిపోయిందా అని ఒక చెంచా, కారం దిగిందా అని ఇంకో చెంచా, ముక్క ఉడికిందా అని ఒక ముక్క. ఒక పెద్ద చెంచా నూనె అంటే 120 కేలరీలు. రోజుకు ఎన్ని చెంచాలో! తొంభై రెండు కిలోలు ఎక్కానంటే అలా ఎక్కాను. "నేనేం తింటున్నాను డాక్టర్, పొద్దంతా వంటే చేస్తాను" అన్నాను. ఆయన నవ్వలేదు పాపం, టేపు తీసి నడుం కొలిచాడు. మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటొద్దన్నాడు. నాది 104. అప్పటి నుంచే కదా ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో నడక.

పది, అంతకంటే ఎక్కువ బ్రాంచీలున్న హోటళ్లు మెనూ మీద కేలరీలు వేయాలని 2022 నుంచి రూలు ఉంది. హైదరాబాద్‌లో అలాంటిచోట తింటే ఆ అంకె చూసుకో. మన హంటర్ రోడ్డు మీద ఒక్కటే బ్రాంచి ఉన్న హోటల్‌కు ఆ రూలు లేదు. అక్కడ నీకు దిక్కు తార్నాక వాళ్ల పట్టికలే. తార్నాకలో ఉన్న ఆ జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన పుస్తకంలో 528 రకాల ఆహార పదార్థాల లెక్కలున్నాయి, నువ్వే చూపించావు. అయితే అవి విడి సరుకులవి, హండీవి కావు. కాబట్టి అంచనా వెయ్యి, ఆ అంచనా మీద ఇంకో రెండు వందలు కలిపి రాసి ఫోన్ లోపల పెట్టెయ్. హోటల్ తిండికి ఖచ్చితమైన అంకె వండిన నాకే రాదు. నువ్వు టేబుల్ దగ్గర కూర్చొని వెతికితే వస్తుందా?

ఇంకో సంగతి. నీది రోజుకు 1,500 కేలరీలు అన్నావు. వారానికి 10,500. దావత్ రోజు ఒక వెయ్యి ఎక్కువైందనుకో, మిగిలిన ఆరు రోజుల్లో నూట యాభై చొప్పున తగ్గిస్తే వారం లెక్క దాదాపు అక్కడికక్కడే. సాయంత్రం చాయ్‌తో బిస్కట్లు మానితే అంత తగ్గుతుంది. తగ్గించకపోయినా ఆ వెయ్యికి చేరే కొవ్వు నూట ముప్పై గ్రాములు. ఆ మాత్రానికి ఏడుపెందుకు? క్యాటరింగ్‌లో ఒక పెళ్లిలో లాసొచ్చినా మేం సీజన్ మొత్తం చూసుకొని లెక్క తేల్చేవాళ్లం, ఒక్క పెళ్లి చూసి పొయ్యి ఆర్పేసుకోలేదు.

పస్తు ఉండి హోటల్‌కు పోవద్దు. ఇది బతిమాలి చెబుతున్నాను. ఆకలి మీద వచ్చినవాళ్ల ఆర్డరు మాకు వంటింట్లోనే తెలిసిపోయేది. స్టార్టర్లు మూడు, అవి రాకముందే మళ్లీ రెండు. తర్వాత బిర్యానీ సగం వదిలేస్తారు, లేదా వదల్లేక తింటారు. చిన్నబాపు దావత్ కనుమ మర్నాడు రాత్రి. ఆ రోజు పొద్దున రెండు ఉడికించిన గుడ్లు, ఒక జొన్నరొట్టె, ఆకుకూర పప్పు తిను. సాయంత్రం ఆరింటికి మజ్జిగ తాగు. అప్పుడు హోటల్‌కు మనిషిలా పోతావు.

అక్కడ నా పక్కన కూర్చో. తందూరీ రెండు ముక్కలు తిను. ఫుల్ ప్లేటు బిర్యానీ మనిద్దరికీ అని ముందే చెప్తా, మీ అమ్మకు కూడా అందులోంచే, మీ అమ్మ ఎలాగూ రెండు ముద్దలు తిని లేస్తుంది. నీ వాటా 300 గ్రాములు వేసుకో, 600 కేలరీలు. రైతా పోసుకో, సాలన్ మాత్రం పైన తేలే నూనె పక్కకు జరిపి అడుగుది తీసుకో. కూల్‌డ్రింకు వద్దు, 300 మిల్లీలీటర్ల సీసాలో చక్కెరే ఏడెనిమిది చెంచాలు. ఆ కేలరీలు డబుల్ కా మీఠాకు దాచుకో. అది నూనెలో వేయించిన బ్రెడ్డు, పాకం, పాలు. దాని లెక్క నేను చెప్పను. చిన్న గిన్నెడు తిను, కళ్లు మూసుకొని తిను. నీకు చిన్నప్పటి నుంచి ఇష్టం. ఇష్టమైనది వదిలేసి ఇష్టంలేని నాన్‌లు తినడం నాకు తెలిసి అన్నిటికన్నా పెద్ద నష్టం.

మీ అత్తమ్మ కొసరి కొసరి వేస్తుంది, "ఎట్ల సన్నబడ్డవే" అంటుంది. డైట్ అనే మాట ఎత్తకు, ఎత్తితే టేబుల్ చుట్టూ పది మంది డాక్టర్లు తయారవుతారు. ప్లేటు మాత్రం ఖాళీ చేసి పెట్టకు. ఖాళీ ప్లేటు కనిపిస్తే వెంటనే వడ్డించమని మా పిల్లలకు నేనే నేర్పాను. నాలుగు మెతుకులు, ఒక నిమ్మచెక్క ప్లేట్లో ఉండనీ, ఎవరూ రారు. మిగిలింది పార్సిల్ కట్టించుకుందాం, ఇంటికి రాగానే ఫ్రిజ్‌లో పెట్టాలి, బయట రెండు గంటలు దాటనివ్వొద్దు. మర్నాడు పొగలు వచ్చేదాకా వేడి చేసి తినాలి. ఇందులో మొహమాటం లేదు, బిల్లు కట్టేది చిన్నబాపే అయినా.

ఒక్కటి మాత్రం గట్టిగా అడుగుతాను. ఈ లెక్కల వల్ల రాత్రిళ్లు నిద్ర పట్టకపోయినా, కళ్లు తిరిగినా, తిన్న ప్రతిసారీ తప్పు చేసినట్టు అనిపించినా ఆ యాప్‌ను కొన్నాళ్లు పక్కన పెట్టి డాక్టర్‌కు చూపించుకో. దాచకు. సన్నబడటం కోసం బాపుతో ఫోన్లో నవ్వడం మానేశావు, అది నాకు బరువుగా ఉంది.

సకినాల పిండి తడిపే రోజు దగ్గరికొచ్చింది. పోయినేటి సకినం ఒకటి త్రాసులో పెట్టి చూశాను, 20 గ్రాములు తూగింది. నూనెలో వేగిన బియ్యప్పిండి, నువ్వులు కాబట్టి వంద కేలరీలు వేసుకో. డబ్బాలో ఇరవై పెడితే చాలని మీ అమ్మకు చెప్పాను. సరేనంది. నిన్న చూస్తే అటక మీది పెద్ద డబ్బా దించి కడిగి ఎండబెడుతోంది. అందులో నూరు పడతాయి. ఆ లెక్క మీరిద్దరూ తేల్చుకోండి.

మీ బాపు