అలామోలో జో కూడా ఉన్నాడు

సంపాదకులు గారికి నమస్కారం.

టెక్సాస్ మెక్సికో నుంచి విడిపోయి సొంత దేశమైన కథ పోయిన ఆదివారం మీ పత్రికలో వచ్చింది. మా ఇంట్లో అందరం చదివాం. మా అమ్మాయి ఆస్టిన్‌లో ఉంటుంది, మా వీధిలోనే ఇంకో ఇద్దరి పిల్లలు హ్యూస్టన్‌లో ఉన్నారు, కర్నూలులో ఇప్పుడు ఈ పేర్లు వినని ఇల్లు తక్కువ, కానీ అవి మనుషుల పేర్లని, ఆ దేశం పుట్టుకలో వాళ్లే ముందున్నారని చాలామందికి మీ వ్యాసంతోనే తెలిసి ఉంటుంది. అందుకు సంతోషం. బాధేమంటే అంత పెద్ద వ్యాసంలో బానిసలు అనే మాట ఒక్కచోట కూడా లేదు.

మెక్సికో అధ్యక్షుడు శాంటా అన్నా 1824 నాటి రాజ్యాంగాన్ని పక్కన పడేసి రాష్ట్రాల అధికారాలన్నీ లాక్కున్నాడు, నిజమే. టెక్సాస్ కంటే ముందే జకాటెకాస్ రాష్ట్రం తిరగబడితే సైన్యంతో అణిచేశాడు, అదీ నిజమే. కానీ అమెరికా దక్షిణం నుంచి వచ్చి అక్కడ పత్తి వేసిన వాళ్లకు ఇంకో భయం కూడా ఉండేది. పత్తి తీయడానికి ఎంతమంది మనుషులు కావాలో ఆదోని మార్కెట్‌కు పత్తి తోలే రైతుకు నేను చెప్పాల్సిన పని లేదు. ఆ పనంతా వాళ్లు బానిసలతో చేయించారు. 1829లో మెక్సికో బానిసత్వాన్ని రద్దు చేస్తే టెక్సాస్‌కు మినహాయింపు తెచ్చుకున్నారు. చట్టం అడ్డొస్తుందని కొందరైతే బానిసలతో 99 ఏళ్ల కూలి ఒప్పందం రాయించుకుని మరీ సరిహద్దు దాటించారు! మన పల్లెల్లో అప్పు పత్రం మీద వేలిముద్ర వేయించుకుని మనిషిని జీవితాంతం జీతానికి కట్టేసినట్టే ఇది.

1836 మార్చి 2న స్వాతంత్ర్యం ప్రకటించుకున్నారు. ఆ నెలలోనే రాసుకున్న రాజ్యాంగంలో, బానిసలను విడుదల చేసే చట్టం కాంగ్రెస్, అంటే వాళ్ల చట్టసభ, చేయకూడదని, స్వేచ్ఛ ఉన్న నల్లవాళ్లు కూడా కాంగ్రెస్ అనుమతి లేకుండా ఆ దేశంలో ఉండకూడదని పెట్టారు. స్వాతంత్ర్యం ఎవరికి వచ్చిందో చెప్పకుండా ఆ మాట ఎలా వాడతామండీ?

అలామో కోట మీద మెక్సికో సైన్యం ముట్టడి 13 రోజులు సాగిందని, దళపతి ట్రావిస్ అక్కడే చనిపోయాడని రాశారు. ఆయన వెంట జో అనే ఇరవై ఏళ్లు దాటిన బానిస ఉన్నాడు, పోరాడాడు, బతికాడు, లోపల ఏం జరిగిందో కొత్త ప్రభుత్వ పెద్దలకు వచ్చి చెప్పాడు. అంతా విని అతన్ని ట్రావిస్ ఆస్తి కింద తిరిగి అప్పగించారు. 1837 ఏప్రిల్ 21న, టెక్సాస్ వాళ్లు మెక్సికో మీద శాన్ జసింటో యుద్ధం గెలిచి సరిగ్గా ఏడాది నిండిన రోజున, జో పారిపోయాడు. పట్టిచ్చిన వాళ్లకు 50 డాలర్లు ఇస్తామని ప్రకటన వేశారు. మూడేళ్ల కింద శాన్ ఆంటోనియోలో ఆ అలామో ముందర నిలబడ్డాను, అప్పటికి నాకు ఈ సంగతి తెలియదు. తర్వాత చదివి చాలా రోజులు మనసు బాగాలేదు.

హువాన్ సెగిన్ గురించీ రాయలేదు. తరాలుగా అక్కడే ఉన్న మెక్సికన్ కుటుంబం, శాన్ జసింటోలో టెక్సాస్ సేనాని హ్యూస్టన్ వైపు నిలబడి పోరాడాడు, తర్వాత శాన్ ఆంటోనియో మేయర్ కూడా అయ్యాడు. 1842లో బెదిరింపులు తట్టుకోలేక మెక్సికోకు వెళ్లిపోవాల్సి వచ్చింది. 1800లో నిజాం మన సీమను కంపెనీకి రాసిచ్చినప్పుడు ఇక్కడి రైతును ఎవరూ అడగలేదు, దత్త మండలాలు అన్న పేరు మాత్రం మనకు మిగిలింది. అందుకే సెగిన్ లాంటి వాళ్ల మాట మనకైనా పట్టాలి అనిపిస్తుంది.

1845 చివర్లో టెక్సాస్ అమెరికాలో కలిసేదాకా రాసి ఆపారు, దయచేసి ఇంకో ఆదివారం జో గురించి, సెగిన్ గురించి వేయండి. అక్కడి బడుల్లో నాలుగో తరగతిలో టెక్సాస్ చరిత్ర ఉంటుంది, మా మనవడు వచ్చే ఏడు ఆ క్లాసుకు పోతాడు. వేసవి సెలవులకు ఇక్కడికే వస్తాడు, తెలుగు కూడబలుక్కుని చదువుతాడు, మీ పేజీ కత్తిరించి దాచి వాడితోనే చదివిస్తాను.

– ఒక పాఠకుడు, కర్నూలు