పసుపు తగలగానే పాకిన పూలు

మాఘంలో నా దగ్గర శుభలేఖలు చేయించుకున్నవారికీ, రాబోయే శ్రావణ ముహూర్తాలకు అడుగుతున్నవారికీ ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. మొదటివారికి క్షమాపణ చెప్పుకోవాలి. రెండోవారికి ధర, గడువు ఎందుకు మారాయో చెప్పాలి.

మాఘంలో ఒకరోజు ఇక్కడ చెన్నైలోనే కోడంబాక్కం నుంచి ఒక పెద్దావిడ ఫోను చేశారు. "అమ్మాయ్, పసుపు పెట్టగానే మూలల్లో పూలన్నీ కరిగిపోయాయమ్మా. వీటిని పంచడానికి మనసు ఒప్పడం లేదు" అన్నారు. వెంటనే వెళ్లాను. బల్ల మీద 200 కార్డులు పరిచి ఉన్నాయి. అక్షరాలు అచ్చువి, బొమ్మలు నేను చేత్తో గీసినవి. నాలుగు మూలలా ఎర్ర మందారాలు, మధ్యలో వధూవరుల పేర్ల నడుమ చిన్న హృదయం గుర్తు. తడి పసుపు తగిలినచోటల్లా రేకుల అంచులు చెరిగిపోయాయి. ఎరుపు కాగితంలోకి పాకి, పసుపుతో కలిసి నారింజ మరకగా మారింది. హృదయం గుర్తు మాత్రం చెక్కుచెదరలేదు. అక్కడ ఎవరూ పసుపు పెట్టరు కదా.

నెల్లూరులో మా ఇంట పెళ్లంటే గిన్నెలో పసుపు కలిపి పిల్లలందరినీ కార్డుల ముందు కూర్చోబెట్టేవారు. రెండు రోజుల దాకా వేళ్లకు ఆ పచ్చదనం వదిలేది కాదు. అలా పెరిగిన నేను, పసుపు రాసే చోటే పూలు గీసి, తడి తగిలితే ఏమవుతుందో ఒక్కసారి కూడా పరీక్షించలేదు. తప్పు పూర్తిగా నాదే. ఆ 200 కార్డులూ మళ్లీ గీసి ఇచ్చాను. అదే సిరా వాడిన మరో రెండు కుటుంబాలకు నేనే ఫోను చేశాను. ఒకరు అప్పటికే పంచేశారు, వారికి సగం డబ్బు తిరిగి ఇచ్చాను. ఇంకెవరికైనా ఇలా జరిగి, మొహమాటపడి చెప్పకుండా ఉంటే దయచేసి చెప్పండి.

కారణం సిరాలోనే ఉంది. కొన్ని సిరాల్లో రంగు నీళ్లలో పూర్తిగా కరిగి ఉంటుంది. ఆరిన తర్వాత కూడా తడి తగిలితే మళ్లీ కరుగుతుంది. పిగ్మెంట్ సిరాలో రంగు మెత్తటి పొడిగా ఉంటుంది. నీరు ఆరిపోయాక ఆ పొడి బంకతో పాటు కాగితాన్ని పట్టుకుని ఉండిపోతుంది. మొదటి రకం నిగనిగలాడుతుందని దాన్నే వాడాను. ఇప్పుడు పూర్తిగా పిగ్మెంట్ సిరాకు మారాను. ఆ మెరుపు కాస్త తగ్గింది, కార్డు చేతికి తీసుకోగానే మీకే తెలుస్తుంది.

కాగితమూ మార్చాను. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు గుడ్డను ముందు కరక్కాయ, గేదె పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఎండబెడతారు. పాలలోని కొవ్వు రంగును పాకనివ్వదు. అప్పుడు గానీ కలం పట్టరు. కాగితానికి ఆ పని గంజి గానీ జెలటిన్ గానీ చేస్తుంది. అది సరిగా పట్టించని కాగితం మీద ఎంత మంచి సిరా అయినా గీత అంచున నూగు తేలుతుంది. కాగితాలూ శుభలేఖలూ అమ్మే ఆండర్సన్ వీధిలో నాలుగు దుకాణాలు తిరిగి, చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే కాగితం ఎంచుకున్నాను. ఇప్పుడు ప్రతి ఆర్డరులోనూ ఒక కార్డు ముందే గీసి, ఒక రోజు ఆరబెట్టి, తడి పసుపు రాసి చూస్తున్నాను. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చెన్నైలో వానలు, గాలిలో తేమ. ఆ రోజుల్లో రెండు రోజులు ఆరబెడతాను.

మూడు నెలలుగా చాలామంది అడుగుతున్న మాట ఒకటుంది. "ఒక్కటి గీసి, స్కాన్ చేసి, అన్నిటికీ అచ్చు వేస్తే సగం ధరకు ఇవ్వొచ్చు కదా?" ఇవ్వొచ్చు. అచ్చు కార్డులు కావాలంటే ఆండర్సన్ వీధిలోనే చక్కటివి దొరుకుతాయి, అక్కడ కొనుక్కోండి. నేను చేసేది అది కాదు. హృదయం గుర్తునే తీసుకోండి. చతురస్రాన్ని ఒక మూల మీద నిలబెట్టి, పై రెండు భుజాల మీద రెండు అర్ధవృత్తాలు పెడితే పేకముక్కలోని ఆఠీను లాంటిది వస్తుంది. కొలతకు తప్పు లేదు, కానీ బిగుసుకుని ఉంటుంది. నేను తమలపాకును చూసి గీస్తాను. తొడిమ దగ్గరి నొక్కు నుంచి మొదలుపెట్టి ముందు ఎడమ సగం దించుతాను, కుడి సగం గీసేటప్పుడు అది చేతి కింద దాగకుండా కళ్లకు కనబడుతూ ఉండాలని. రెండు సగాలూ ఒకేలా రావు. తమలపాకుకూ రావు.

మందారానికి అయిదు రేకులు. ప్రతి రేకూ ఒక అంచున పక్కదాన్ని కప్పి, రెండో అంచున ఇంకోదాని కింద దూరుతుంది. ఒక్క రేకు ఈ వరస తప్పినా అది కాగితం పువ్వులా కనిపిస్తుంది. అందుకే తొందరపడలేను. ఒక్కో కార్డుకు పావుగంట పడుతుంది. రోజుకు అయిదారు గంటలు దాటితే చెయ్యి వణుకుతుంది, ఆ గీతలు మీకు ఇవ్వను.

కాబట్టి ఇకపై వారానికి 120 కార్డులే ఒప్పుకుంటాను. 45 రూపాయలు ఉన్న కార్డు 60 అవుతుంది. పెరిగిన 15లో ఎక్కువ భాగం కాగితానికీ సిరాకే. పాత ధరకు బయానా ఇచ్చినవారికి పాత ధరే. ముహూర్తానికి ఆరు వారాల ముందు చెప్పండి. ఆషాఢంలోనూ, ఇక్కడి తమిళుల ఆడి మాసంలోనూ పెళ్లిళ్లు ఉండవు కనుక నాకు తీరిక ఎక్కువ. శ్రావణం కార్డులకు ఇప్పుడే మాట్లాడుకుంటే ఇద్దరికీ మేలు. మూలల్లో పూలను అంగుళం లోపలికి జరిపాను. లేదు, మూలలోనే కావాలంటే అక్కడే గీస్తాను.

ఆర్డరు ఇచ్చే ముందు వెస్ట్ మాంబళంలో నా గదికి వచ్చి నమూనా కార్డు ఒకటి తీసుకెళ్లండి, డబ్బు అక్కర్లేదు. మీ ఇంట్లో పసుపుతోనే, మీరు ఎంత తడిగా కలుపుతారో అంత తడిగానే కలిపి నాలుగు మూలలా రాయండి. ఆరాక చూడండి. ఒక్క రేకు అంచు కదిలినా ఆర్డరు ఇవ్వకండి, ఆ కార్డు మాత్రం నాకు తెచ్చి చూపించండి.