అర్ధరాత్రి సెట్లు తెచ్చిచ్చిన తమ్ముడికి

మూడు రాత్రులుగా నిద్ర లేదు, తప్పులుంటే సర్దుకోండి.

మా పాపకు తొమ్మిదేళ్లు, టైప్ 1 షుగర్ జబ్బు, ఒంట్లో ఇన్సులిన్ తయారవదు. రోజుకు నాలుగు ఇంజెక్షన్ల నుంచి పోయిన సోమవారమే, ఒంటికి తగిలించుకుంటే రోజంతా ఇన్సులిన్ ఎక్కించే పంపుకి మారాం. శనివారం రాత్రి పన్నెండున్నరకి షుగర్ 386. పంపులో బోలస్, అంటే ఒకేసారి ఇచ్చే డోసు, కొట్టాను. గంటకి 410. పంపు నుంచి ఒంట్లోకి ఇన్సులిన్ తెచ్చే ట్యూబు సెట్ పీకి చూస్తే, చర్మం కింద ఉండే దాని సన్న గొట్టం, క్యాన్యులా, మడతపడి ఉంది. మిగిలిన ఒక్క సెట్టూ చేతులు వణికి పాడుచేశాను. పంపులో ఎక్కువసేపు పనిచేసే లాంగ్ యాక్టింగ్ ఇన్సులిన్ ఉండదు, ధార ఆగితే కొన్ని గంటల్లోనే రక్తంలో కీటోన్లనే ప్రమాదకరమైన ఆమ్లాలు పేరుకుంటాయి. పాపేమో కడుపునొప్పి అంటోంది. కంపెనీ నంబరుకి చేస్తే ఉదయం తొమ్మిది నుంచి ఆరు దాకానే అని మెషీన్ చెప్పింది. షుగర్‌కి కూడా ఆఫీసు టైమింగులుంటే బాగుండు.

ఆస్పత్రి హాల్లో పక్కన కూర్చున్నావిడ ఎప్పుడో రాసిచ్చిన నంబరు గుర్తొచ్చింది. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉండి ఇంజినీరింగ్ చదివే అబ్బాయి, తనకీ పంపే. రెండో రింగుకే ఎత్తాడు.

"అక్కా, ఇన్సులిన్ పెన్ను ఉందా? డాక్టరిచ్చిన చార్ట్ చూసి ముందు పెన్నుతో ఇచ్చేయండి. నీళ్లు తాగించండి, కీటోన్లు చూడండి. వాంతులైతే నాకోసం ఆగకండి, ఆస్పత్రికి పొండి. నేను బయల్దేరుతున్నా."

పెన్ను ఫ్రిజ్ తలుపులోనే ఉంది. నాకు తట్టనే లేదు.

దిల్‌సుఖ్‌నగర్ ఎక్కడ, మా మూసాపేట ఎక్కడ! రెండున్నరకల్లా బండి మీద వచ్చాడు. స్టీలు టిఫిన్ డబ్బాలో రెండు సెట్లు. ట్యూబులో బుడగలు చూసి, "ఇన్సులిన్ చల్లగా ఉండగానే నింపారు కదా? అరగంట ముందే బయట పెట్టండక్కా" అన్నాడు. పాప భయపడుతుంటే చొక్కా పైకెత్తి తన సెట్ చూపించాడు. "నొప్పి పుట్టదా అన్నా?" అంది. "పుడుతుంది. చీమంత. ఎర్రచీమ." అది నవ్వింది. ఆ రాత్రి మొదటిసారి.

మావారు డబ్బులివ్వబోతే తీసుకోలేదు. ఎన్ని రోజులకి మారుస్తావని అడిగితే, "మూడ్రోజులకే మార్చాలన్నా. నేను ఐదు లాగుతా" అని నవ్వేశాడు. ఆ లెక్కన రెండు సెట్లంటే తనకి పది రోజులు. టీ పెడతానని వంటింట్లోకెళ్లి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

తమ్ముడూ, పేరు రాయొద్దన్నావు, రాయడం లేదు. ఆ డబ్బా మా ఇంట్లోనే మర్చిపోయావు. ఖాళీగా ఇవ్వను.

అసలు అలా ఐదు రోజులు లాగాల్సిన ఖర్మేంటి ఆ పిల్లాడికి? మా ఇన్సూరెన్సువాళ్లు పంపు క్లెయిమ్ తిప్పికొట్టారు, సెట్లయితే వాడి పారేసేవట, అసలు రావట. పిల్ల మంచాన పడితే ఆస్పత్రి బిల్లు మాత్రం చూస్తారట! సరే, ఇప్పుడెందుకులే.

మావారు, అత్తయ్య సంగతి చెప్పేదేముంది, ఇంట్లోవాళ్లే.

అయ్యో, అప్పుమీద కీటోన్ స్ట్రిప్పులిచ్చిన మెడికల్ షాపు అంకుల్‌ని మర్చిపోయాను. లంచ్ బెల్లుకి బోలస్ నొక్కడం నేర్చుకున్న క్లాస్ టీచర్ గారికి, గేటు తీసిన వాచ్‌మన్ తాతకి కూడా. ఆ నంబరు రాసిచ్చినావిడ పేరే అడగలేదు, ఇది చదివితే ఫోన్ చేయండమ్మా.

అలారం మోగుతోంది. పంపు రిజర్వాయర్లో, అంటే ఇన్సులిన్ నింపే గొట్టంలో, ఇరవై యూనిట్లే ఉన్నాయట. ఇన్సులిన్ ఫ్రిజ్‌లోంచి తీసి బయట పెట్టాలి.