హిప్పీల నుంచి మనకు మిగిలింది గంజాయి ఒక్కటేనా?

సంపాదకుడు గారికి,

మన పిల్లలు మత్తుకు అలవాటు పడటానికి అరవైల్లో అమెరికాలో జుట్టు పెంచుకుని, ఇళ్లు వదిలి తిరిగిన హిప్పీలే మూలమంటూ గత వారం మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. చెవుల మీదికి జుట్టు పెంచానని 1970ల్లో మా నాన్నగారు నన్ను 'హిప్పీ వెధవా' అని తిట్టి, పక్కనే కూర్చుని మరీ క్రాఫు చేయించారు. అప్పట్నుంచీ ఆ మాట ఎక్కడ వినపడ్డా ఆగి వింటాను. అయినా మన బైరాగుల చిలుం ఏ అమెరికావాడు తెచ్చిచ్చాడండీ?

వ్యాసకర్త చెప్పిన చెడు నిజమే. 1967 వేసవిలో ఇళ్లు వదిలేసి వచ్చిన కుర్రకారు శాన్‌ఫ్రాన్సిస్కోలోని హైట్ ఆష్‌బరీ పేటకు వేలల్లో చేరారు. ఎల్‌ఎస్‌డీ అనే మత్తుమందు, మత్తు ఇంజెక్షన్లు, సుఖరోగాలు, ఆకలి. అక్టోబరుకల్లా అక్కడివాళ్లే 'హిప్పీ చచ్చిపోయాడు' అంటూ వీధుల్లో ఉత్తుత్తి శవయాత్ర చేశారు.

ఆ పేటలోనే, ఆ ఏడాది జూన్‌లోనే డేవిడ్ స్మిత్ అనే యువ డాక్టరు ఉచిత క్లినిక్ తెరిచిన సంగతి మాత్రం వ్యాసంలో లేదు. వైద్యం అందరి హక్కు, కొందరి భాగ్యం కాదన్నది ఆ క్లినిక్ వాళ్ల మాట. మత్తు తలకెక్కి భయంతో వణుకుతూ వచ్చినవాణ్ణి నిశ్శబ్దంగా ఉన్న గదిలో కూర్చోబెట్టి, తేరుకునేదాకా పక్కన ఉండి మాట్లాడేవారు. నీతిబోధ లేదు, పోలీసు కబురు లేదు. ఆ తర్వాత అమెరికాలో చాలా ఊళ్లలో ఇలాంటి క్లినిక్‌లు వెలిశాయి.

అక్కడే డిగ్గర్స్ అనే బృందం పార్కులో రోజూ అన్నదానం చేసేది. మనిషి కంటే ఎత్తయిన పసుపుపచ్చ చెక్క చట్రం నిలబెట్టి, గిన్నె పట్టుకుని అందులోంచి దాటి వచ్చినవారికి వేడి వేడి కూర పోసేవారు. ఎవరు, ఏమిటి అన్న ఆరా లేదు. స్వేచ్ఛ గురించి ఉపన్యాసాలు మగవాళ్లవి, ఆ కూర వండే చాకిరీ మాత్రం ఎక్కువగా ఆడవాళ్లదే. నన్నడిగితే హిప్పీల అసలు తప్పు జుట్టులో లేదు, ఇక్కడుంది. దాన్ని ఎవరూ తిట్టరు, మన ఇళ్లలోనూ అదే కదా.

ఇక మన సంగతి. మత్తుకు బానిసై కొద్దిపాటి మత్తుపదార్థంతో పట్టుబడినవాడు, ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట తానే చికిత్సకు వచ్చి పూర్తి చేసుకుంటే ఆ కేసులో విచారణ నుంచి మినహాయింపు ఇచ్చే సెక్షన్ మన ఎన్‌డీపీఎస్ చట్టంలోనే, అంటే 1985 నాటి మత్తుపదార్థాల నియంత్రణ చట్టంలోనే ఉంది, 64ఎ. ఈ మాట ఎంతమంది తల్లిదండ్రులకు తెలుసు? కొడుకు జేబులో పొట్లం దొరికిన తండ్రి పరువు పోతుందని నోరు మూసుకుంటాడు, లేదా చితకబాదుతాడు. ఎక్కడికి తీసుకెళ్లాలో తెలియదు.

హిప్పీలను తిడుతూ మరో వ్యాసం వేసేబదులు, జిల్లా పేజీలో వారానికోసారి ప్రభుత్వ డీ-అడిక్షన్ సెంటర్ల అడ్రసులు, ఫోన్ నంబర్లు వేయండి.

- ఒక విశ్రాంత లెక్చరర్, తెనాలి