దొరబాబు పెళ్ళి, మా అత్త సాక్ష్యం

ఒరేయ్ పండూ,

ముందు తిట్టేసుకో, తర్వాత చదువు. నీ ఉత్తరం సంక్రాంతి ముందు వచ్చింది. ఇప్పుడు మామిడికాయలు కూడా అయిపోవచ్చాయి. జవాబు రెండుసార్లు మొదలుపెట్టాను. ఒకటి కొబ్బరి దింపు లెక్కల పుస్తకంలో ఎక్కడో ఉండిపోయింది, రెండోదాని వెనక మావాడు ఏనుగు బొమ్మ వేశాడు. ఏనుగని వాడంటున్నాడు, నాకైతే రొయ్యలా ఉంది. ఫోన్లో చెప్పొచ్చుగా అంటావు. ఇది ఫోన్లో చెప్పేది కాదురా. నువ్వు మధ్యలో నవ్వడం మొదలుపెడితే నాకు కథ తప్పిపోతుంది.

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. అమ్మ మోకాళ్ళు మామూలే. కొబ్బరి ధర అడక్కు. మీ నాన్నగారు మొన్న రాజోలులో కనబడ్డారు, కంటి ఆపరేషన్ తర్వాత నన్ను రోడ్డు అవతలనుంచే గుర్తుపట్టి కేకేశారు. అంతే విశేషాలు.

చెల్లి పెళ్ళి సంగతి నీకు సగం తెలుసు కదా. జర్మనీ కుర్రాడు, దానితోపాటే పనిచేస్తాడు. కిందటేడు వచ్చినప్పుడు మనూరి వాళ్ళు అతనికి దొరబాబని పేరు పెట్టేశారు. ఊళ్ళో ఇప్పటికే ముగ్గురు దొరబాబులున్నారు. అసలు దొర ఇతనొక్కడేనని కిళ్ళీకొట్టు తాత తేల్చాడు. అమ్మ మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగోరోజు అతను పులస పులుసు ముల్లు గుచ్చుకోకుండా తినేసరికి కరిగిపోయింది. ఇంకేముంది, అన్నవరంలో చేసేద్దాం అంది.

చేసెయ్యడానికి అది మన పెళ్ళిలాంటిది కాదురా. అతను విదేశీయుడు, మతం వేరు, కాబట్టి 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కిందికి రావాలి. ఇద్దరిలో ఒకరు ఈ జిల్లాలో కనీసం 30 రోజులు ఉండి ఉంటేనే పెళ్ళి నోటీసు ఇవ్వడానికి వీలు. ఆపైన అభ్యంతరాల కోసం ఇంకో 30 రోజులు ఆగాలి. చెల్లికి సెలవు మూడు వారాలు. సరే వాళ్ళుండే జర్మనీలోనే రిజిస్టర్ చేసుకుని తర్వాత ఇక్కడ తాళి కడతాడులే అనుకున్నాం. తెలివైన నిర్ణయమని నేనే అందరికీ చెప్పుకు తిరిగాను కూడా.

అక్కడ పరాయి దేశం వాళ్ళు పెళ్ళి చేసుకోవాలంటే, ఈ మనిషి పెళ్ళికి అడ్డేమీ లేదని సొంత దేశం నుంచి కాగితం తేవాలట. మన దేశంలో వాళ్ళు అడిగే ఆ కాగితం ఇచ్చేవాళ్ళే లేరు. లేనివాళ్ళకి ఆ ప్రాంతపు పై కోర్టు మినహాయింపు ఇవ్వాలి. దానికి పుట్టిన సర్టిఫికెట్, పెళ్ళి కాలేదని అఫిడవిట్, అన్నిటికీ ప్రమాణం చేసిన అనువాదకులతో జర్మన్ అనువాదాలు. నోటరీ దగ్గర స్టాంపు పేపరు మీద సంతకం పెడుతూ అమ్మ అంది కదా, "పెళ్ళి కాలేదని నేను చెప్పాలా బాబూ? అయ్యుంటే ఊరంతా భోజనం చేసి ఉండేవారు కదా!" నోటరీ గారు పెన్ను పక్కన పెట్టి మరీ నవ్వాడు.

పుట్టిన సర్టిఫికెట్ కోసం పంచాయతీ రిజిస్టరు తీయించాను. అంచులు పురుగు కొట్టేసింది. పేరు గడి ఖాళీ. "ఆడ" అని మాత్రం ఉంది. మనవాళ్ళు పేరు పెట్టకముందే రాయించేసి, మళ్ళీ ఆ ఊసే ఎత్తరు కదా. పక్క గడిలో సమాచారం ఇచ్చినవారి సంతకం, నాన్నది. చివరి అక్షరం కింద ఆ పొడుగు తోక, గుర్తుందా, మన ప్రోగ్రెస్ కార్డుల మీద నువ్వు దొంగసంతకం పెట్టేటప్పుడు ఎప్పుడూ కుదిరేది కాదు. సిరా కొంచెం ఊదా రంగులోకి దిగింది. వేలితో తడిమాను. సెక్రటరీ కుర్రాడు మంచివాడు, ఫోన్ చూసుకుంటున్నట్టు తల పక్కకి తిప్పుకున్నాడు. మూడేళ్ళు అయిపోయాయిరా అప్పుడే. నాన్న ఉండి ఉంటే ఈ దొరబాబుని... సరే వదిలెయ్.

పేరు చేర్పించడానికి మళ్ళీ అర్జీ, పదో తరగతి సర్టిఫికెట్. ఆ సర్టిఫికెట్లో ఇంటిపేరు ముందుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ, అంతా కలిపి పేరులోనే పోశారు. అక్కడి ఆఫీసు వాళ్ళకి ఇందులో ఏది ఇంటిపేరో చెప్పడానికి చెల్లికి వారం పట్టింది. అంతా కుదిరిందనుకుంటే ఇంకోటి. పాస్‌పోర్టులో పుట్టింది తూర్పు గోదావరి. 2022లో జిల్లా మారింది కదా, కొత్త సర్టిఫికెట్ డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా అంటోంది. ఈవిడ ఎన్ని చోట్ల పుట్టిందని అడిగారట! మనం కదల్లేదయ్యా, జిల్లానే కదిలిందని చెల్లి వాళ్ళకి లేఖ రాసింది.

ఇంతవరకూ ఉపోద్ఘాతం. ఒక దేశం కాగితాలు ముద్ర వేస్తే ఇంకో దేశంలో చెల్లేలా అపోస్టిల్ అని ఒక ఒప్పందం ఉంది, మన దేశం 2005లోనే అందులో చేరింది. చాలా దేశాలకి మన విదేశాంగ శాఖ వేసే ఆ ముద్ర చాలు. జర్మనీ మాత్రం మన ముద్రని ఒప్పుకోలేదు. వాళ్ళ కాన్సులేట్ ఇక్కడి లాయరుకి అప్పజెబితే, ఆయన ఊరికొచ్చి రిజిస్టరు చూసి, చుట్టుపక్కల వాకబు చేసి రాసి పంపాలి. ఎప్పుడొస్తాడో మనకి చెప్పరు.

ఆయన వచ్చిన రోజు నేను దింపులో ఉన్నాను. అమ్మ గుడికెళ్ళింది. ఆయన నల్ల సంచీ తగిలించుకుని ముందు కిళ్ళీకొట్టు దగ్గర ఆగి అమ్మాయి గురించి అడిగాడట. తాత పెళ్ళి సంబంధం వాళ్ళనుకున్నాడు. ఒకళ్ళ సంబంధం చెడగొడితే పాపం కదా, అందుకని "తల ఎత్తి నడవదండీ, ఆయ్" అన్నాడట. చెల్లి! మనిద్దరినీ చెట్టెక్కించి నిచ్చెన తీసేసిన పిల్ల!

అక్కడినుంచి మా వీధిలోకొచ్చాడు. మా ఇంటికి తాళం. పక్కింటి అరుగు మీద పెద్దత్త చింతపండు పిక్కలు తీస్తోంది. తర్వాత జరిగింది అత్త నాకు ఎంత గర్వంగా చెప్పిందో అలాగే రాస్తున్నాను.

"ఈ అమ్మాయి మీకేమవుతుందండీ?"

"మా కోడలండీ."

"అంటే, మీ అబ్బాయి భార్యా?"

"అది పుట్టినరోజే మావాడికని అనేసుకున్నామండీ. పురిట్లోనే నా చేత్తో గొలుసు వేశాను."

ఆయన గొలుసు మాట విడిగా రాసుకున్నాడట.

"అబ్బాయి ఎక్కడుంటారు?"

"చెరువు మీదండీ. రాత్రుళ్ళు కూడా రొయ్యలకి కాపలా."

"అమ్మాయి జర్మనీలో, అబ్బాయి చెరువు మీద. ఇద్దరూ కలిసి ఉండటం లేదా?"

"ఎక్కడండీ! దాని దారి దానిది, వీడి దారి వీడిది."

మేనకోడల్ని కోడలు అనే మన అలవాటు ఇంత పని చేస్తుందని ఎవడనుకున్నాడు? ఆయన మజ్జిగ తాగి, దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. భోజనానికి వచ్చిన నాతో అత్త అంటోంది, "ఎవరో పెద్దమనిషి వచ్చాడురా, అంతా మంచే చెప్పాను."

చెయ్యి కడుక్కోలేదు పండూ. బండి తీశాను. నరసాపురం వెళ్తానన్నాడట, అంటే సఖినేటిపల్లి రేవే. కాలవ గట్టు మీద ఎలా వెళ్ళానో నాకే తెలీదు. రేవులోకి దిగేసరికి, గోదారి దాటించే పంటు మోకు విప్పేస్తున్నారు. నీకేం గుర్తొచ్చిందో నాకు తెలుసు. ఇంటర్ లెక్కల పరీక్ష, నువ్వు, ఆ బజ్జీల పొట్లం. ఈసారి మాత్రం దూకేశాను. ఒక చెప్పు వశిష్ఠ గోదాట్లో పోయింది. వారధి వస్తుందని చిన్నప్పటినుంచీ వింటున్నాం కదా, రాకపోవడమే మంచిదైంది. వచ్చి ఉంటే ఆయన నాకు దొరికేవాడు కాదు.

ఒక ట్రాక్టరుకీ కోళ్ళ గంపకీ మధ్య నిలబడి ఉన్నాడు. ఒంటిచెప్పుతో వెళ్ళి అంతా చెప్పాను. ఆయన తెలుగువాడేరా, భీమవరం వైపు. నవ్వలేదు. ఇంకో ఊళ్ళో ఒక మేనమామ "మా అల్లుడే" అన్నాడనీ, అక్కడా ఇదే గొడవనీ చెప్పాడు. "విన్నది రాయకుండా ఉండలేనండీ. ఆవిడ మాటకి వివరణ రాసివ్వండి. ఆవిడ కొడుకు పెళ్ళి సర్టిఫికెట్ ఉంటే అదీ ఇవ్వండి, జతచేస్తాను" అన్నాడు. ఏ అధికారి అయినా అంత మర్యాదగా మాట్లాడితే ఎంత బాగుండునో.

బావ పెళ్ళి సర్టిఫికెట్! ఎక్కడుంది? మన రాష్ట్రంలో వివాహ రిజిస్ట్రేషన్ తప్పనిసరి అని 2002లోనే చట్టం వచ్చింది. బావ పెళ్ళయి పన్నెండేళ్ళు. రిజిస్టర్ చేయించుకోవాలని వాళ్ళకీ తట్టలేదు, మనకీ తట్టలేదు, పందిట్లో వడ్డన చేసిన నీకూ తట్టలేదు. అంటే చెల్లికి బావతో పెళ్ళి కాలేదని చూపించడానికి బావకి అక్కతో పెళ్ళయిందని ముందు రిజిస్టర్ చేయించాలి!

అక్క మొదట ఇంతెత్తున లేచింది. "పన్నెండేళ్ళకి నేను పెళ్ళాన్నని నేనే రుజువు చేసుకోవాలా?" అని బావని రెండు రోజులు చెరువు మీదే పడుకోబెట్టింది. తర్వాత పట్టుచీర తీసింది. శుభలేఖ అత్త ట్రంకుపెట్టె అడుగున, చీరల కింద పరిచి ఉంది, మూలలకి పసుపు అలాగే ఉంది. పెళ్ళి ఫోటో కావాలంటే ఆల్బమ్ తీశాం. తలంబ్రాల ఫోటోలో వాళ్ళిద్దరి వెనక నాలుక బయటపెట్టి నిలబడింది ఎవరనుకున్నావ్? చెల్లే! ఆ ఫోటోకి ఇంకో కాపీ తీయించి లాయరు గారికీ ఇచ్చాను.

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సాక్షులుగా నేనూ, కిళ్ళీకొట్టు తాతా, మన లెక్కల మాస్టారూ. (మాస్టారు నీ గురించి అడిగారు. సైకిల్ సంగతి ఇంకా మర్చిపోలేదు.) బావ చిన్నకూతురు సంతకాలు జరుగుతున్నంతసేపూ చూసి, "నాన్నా, భోజనాలెప్పుడు?" అంది. అందరం హోటలుకెళ్ళి భోంచేశాం. కిళ్ళీ తాత ఖర్చు నాదే.

ఇప్పుడు రిపోర్టు వెళ్ళింది. అక్కడినుంచి ఇంకా ఉలుకూ పలుకూ లేదు. ఆ మినహాయింపు వస్తే ఆరు నెలలే చెల్లుతుందట, ఆలోపు పెళ్ళి కావాలి. సిద్ధాంతి గారేమో మధ్యలో మూఢం అంటున్నారు. అమ్మకి టెన్షన్. చెల్లికి మాత్రం విసుగొచ్చి డెన్మార్క్ వెళ్ళి చేసేసుకుంటాం అంటోంది. అక్కడ కాగితాలు తక్కువట, పరాయి దేశాల జంటలు చాలామంది అక్కడికే వెళ్తారట. సముద్రంలో ఎరో అని ఒక లంక ఉంది, పడవ మీద వెళ్ళాలి. "పంటు ఎక్కి లంకలో పెళ్ళి చేసుకోవడానికి అంత దూరం ఎందుకే?" అన్నాను. అమ్మకి ఇంకా చెప్పలేదు. నాకైతే లోపల్లోపల అదే మంచిదనిపిస్తోంది, కానీ అత్త

అదిగో, మీ కువైట్ వెళ్ళే కుర్రాడు వచ్చేశాడు, గేటు దగ్గర హారన్ కొడుతున్నాడు. ఆవకాయ అడుగున ఉంది, పూతరేకులు పైన పెట్టాను, వాటి మీద ఏమీ పెట్టనివ్వకు. అత్త ఏం చేసిందో మళ్ళీ రాస్తా, ఇంకా ఉంది. మాస్టారి సైకిల్‌కి

వెళ్తున్నా, పిలుస్తున్నాడు.

నీ ఒంటిచెప్పు